కరకట్ట లోపలి డొల్లలను భూభౌతిక సర్వేతో పట్టుకోవడం ఎలా: పూర్తి మార్గదర్శి

పైకి గట్టిగా కనిపించే మట్టికట్ట లోపల బొరియలు, కుళ్లిన వేర్లు వదిలిన దారులు, పాత పైపుల పక్కన కొట్టుకుపోయిన ఖాళీలు ఉండొచ్చు. వరద వచ్చినప్పుడు బుంగ పడేది చాలావరకు అక్కడే. కట్టను తవ్వకుండా వీటిని ముందే కనిపెట్టడం ఎలా, ఏ పని తర్వాత ఏ పని చేయాలి అని పదేపదే అడుగుతున్నారు. అందుకే ఈ వివరణ.

ఒక్క మాట మొదటే. ఏ పరికరమూ డొల్లను ఫొటో తీసినట్టు చూపదు. చుట్టూ ఉన్న మట్టికీ ఆ చోటికీ మధ్య తేడా ఉంటే ఆ తేడాను మాత్రమే చూపుతుంది. ఆ తేడానే కింద అనామలీ అంటున్నాం. దాన్ని డొల్ల అని తేల్చేది కడ్డీ, ఆగర్ (మట్టిలో రంధ్రం వేసే బరమా), కెమెరా.

## 1. ఎంత డొల్ల, ఎంత లోతులో? ముందు ఇది రాసుకోండి

పరికరం ఎంచుకునే ముందే వెతికే వస్తువు సైజు, లోతు కాగితం మీద పెట్టాలి. సర్వేలు విఫలమయ్యేది ఎక్కువగా ఈ దశలోనే.

- ఎలుక కలుగులు: వ్యాసం 5–10 సెంటీమీటర్లు, లోతు తక్కువ.
- నక్క, ఏదుపంది వంటి జంతువుల బొరియలు: 20–40 సెంటీమీటర్లు. లోపల గదులుంటే ఇంకా పెద్దవి.
- తూము గోడలు, పైపుల వెంట ఏర్పడే ఖాళీలు: సన్నగా ఉంటాయి కానీ కట్టకు అడ్డంగా పొడవునా సాగుతాయి. అన్నిటికంటే ప్రమాదం వీటితోనే.
- కాంక్రీటు పలకల కింద మట్టి దిగిపోయి ఏర్పడే ఖాళీ: మందం కొన్ని సెంటీమీటర్లే, వెడల్పు మాత్రం మీటర్లలో ఉండొచ్చు.

లోతు పెరిగేకొద్దీ చిన్న వస్తువు మాయమవుతుంది. విద్యుత్ నిరోధ పద్ధతి విషయంలో, ఒంటరి డొల్ల లోతు దాని వ్యాసానికి రెండింతలు దాటితే అది కనిపిస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. 30 సెంటీమీటర్ల బొరియ 2 మీటర్ల లోతులో ఉంటే కట్ట పైనుంచి అది అందదు. కట్టవాలు మీద, బొరియ పైపొరకు దగ్గరగా ఉన్నచోట గీత వేస్తే అందే అవకాశం ఉంది.

ఊరటనిచ్చే విషయం ఒకటుంది. బొరియ చుట్టూ మట్టి వదులై, ఆరిపోయి ఉంటుంది. బొరియలు గుంపుగా ఉంటే ఆ వదులు మట్టి అంతా ఒక పెద్ద అనామలీగా తేలుతుంది. చాలాసార్లు పరికరం పట్టుకునేది బొరియను కాదు, ఈ వదులు మట్టిని.

## 2. కట్ట మొత్తం కాలినడకన చూడండి

గడ్డి కోయించిన తర్వాతే నడవండి. ఇద్దరు రెండు వాలుల మీద, ఒకరు పైన, ఒకరు కట్ట పాదం వెంట నడిస్తే ఏదీ తప్పిపోదు. చూసిన ప్రతిదీ చైనేజీతో (కట్ట ఒక చివర నుంచి కొలిచిన దూరం), ఫొటోతో నమోదు చేయండి.

- బొరియ నోళ్లు: వ్యాసం, దిశ, కట్ట పైనుంచి ఎంత దిగువన ఉన్నాయి
- తాజాగా తవ్విన మట్టి కుప్పలు
- కుంగిన చోట్లు, పొడవాటి పగుళ్లు
- కొట్టేసిన చెట్ల మొద్దులు
- కట్ట పాదం దగ్గర ఊట, చిత్తడి, ఎండకాలంలోనూ పచ్చగా ఉండే గడ్డి
- ఇనుప కంచె, కరెంటు తీగలు, భూమిలోని కేబుళ్లు, పైపులు, షీట్ పైల్స్ (భూమిలోకి దించిన ఇనుప పలకల గోడ)

చివరి అంశాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గీతకు సమాంతరంగా పాతిన ఇనుప పైపు ఒక్కటి ఉంటే విద్యుత్ కొలతలన్నీ పాడవుతాయి.

పాత నక్షాలు, గండ్లు పూడ్చిన రికార్డులు, పైపులు దాటించిన అనుమతి పత్రాలు కూడా తెప్పించుకోండి. గండి పూడ్చిన చోట వేరే మట్టి వాడి ఉంటారు. ఆ సంగతి తెలియకపోతే ఆ మట్టి మార్పే డొల్లలా కనిపించి తప్పుదారి పట్టిస్తుంది.

## 3. మట్టిని బట్టి పద్ధతి

ఇసుక ఎక్కువగా ఉన్న పొడి కట్ట: జీపీఆర్, అంటే భూమిలోకి చూసే రాడార్, బాగా పనిచేస్తుంది. 2–3 మీటర్ల దాకా చూడొచ్చు.

బంకమట్టి కట్ట: రాడార్ తరంగాలను బంకమట్టి మింగేస్తుంది. చాలాచోట్ల మీటరు లోతు కూడా అందదు. ఇక్కడ ప్రధాన పద్ధతి ఈఆర్‌టీ, అంటే విద్యుత్ నిరోధ చిత్రణ: నేలలో నాటిన కడ్డీల్లోంచి (ఎలక్ట్రోడ్లు) కరెంటు పంపి లోపలి నిరోధాన్ని గీయడం. రాడార్‌ను పైపొరకు, కాంక్రీటు పలకల కిందికి మాత్రమే వాడండి.

కిలోమీటర్ల పొడవున్న కట్ట: మొదట విద్యుదయస్కాంత కండక్టివిటీ మీటరుతో నడిచి వడపోయండి. తేడా ఉన్న చోట్ల మాత్రమే ఈఆర్‌టీ వేయండి.

వదులైన మట్టి ఎంత దూరం వ్యాపించిందో తెలియాలంటే: ఉపరితల భూకంప తరంగ పద్ధతి, ఎంఏఎస్‌డబ్ల్యూ.

నీరు ఇప్పటికే పారుతోందన్న అనుమానం ఉంటే: సహజ విభవ కొలత, అంటే నేలలో తనంతట తాను పుట్టే చిన్న వోల్టేజీని కొలవడం.

సూక్ష్మ గురుత్వ కొలత గురించి కూడా అడుగుతుంటారు. లెక్క చూడండి: 2 మీటర్ల లోతులో 30 సెంటీమీటర్ల వ్యాసమున్న ఖాళీ బొరియ ఇచ్చే తేడా సుమారు 1 మైక్రోగాల్ (గురుత్వ తేడాను కొలిచే చిన్న ప్రమాణం). కట్ట మీద మంచి పరికరంతో మళ్లీ మళ్లీ కొలిచినా అంకెలు 5 మైక్రోగాల్ వరకు అటూఇటూ అవుతాయి. బొరియల కోసమైతే దీని జోలికి వెళ్లొద్దు.

## 4. ఎప్పుడు కొలవాలి

గాలి నిండిన డొల్ల కావాలంటే నది మట్టం తక్కువగా ఉన్నప్పుడు కొలవాలి. గాలికి విద్యుత్ నిరోధం అపారం కాబట్టి తేడా స్పష్టంగా ఉంటుంది.

నీరు నిండిన డొల్ల సంగతి వేరు. నది నీటి వాహకత్వం సెంటీమీటరుకు 400 మైక్రోసీమెన్స్ అయితే దాని విశిష్ట నిరోధం 25 ఓమ్-మీటర్లు (10,000ను ఆ అంకెతో భాగిస్తే వస్తుంది). తడి బంకమట్టిది కూడా దాదాపు 10–30 ఓమ్-మీటర్లే. రెంటికీ తేడా లేనప్పుడు ఈఆర్‌టీ ఏమీ చూపదు. అదే డొల్ల ఇసుక కట్టలో ఉంటే తక్కువ నిరోధంతో కనిపిస్తుంది.

కట్ట పూర్తిగా ఎండి నెర్రెలిచ్చిన రోజుల్లో ఈఆర్‌టీ వద్దు. ప్రతి పగులూ డొల్లలా కనిపిస్తుంది, ఎలక్ట్రోడ్లకు తడి అందదు. వాన వెలిసిన కొద్ది రోజుల తర్వాత, పైపొర కాస్త తడిగా ఉన్నప్పుడు మంచిది. రాడార్‌కు మాత్రం ఎంత పొడిగా ఉంటే అంత మేలు. వీలుంటే నది తక్కువగా ఉన్నప్పుడు ఒకసారి, మట్టం పెరిగినప్పుడు ఇంకోసారి అవే స్థానాల్లో కొలవండి. ఎక్కడ మార్పు వచ్చిందో చూస్తే నీటి దారి తెలుస్తుంది.

## 5. గీతలు, గుర్తులు

ప్రతి 10 మీటర్లకు ఒక కొయ్య గుంజ పాతి చైనేజీ రాయండి. అన్ని పద్ధతులకూ అదే చైనేజీ ఉండాలి. ఒక జట్టు ఎగువ నుంచి, ఇంకో జట్టు దిగువ నుంచి లెక్కపెడితే తర్వాత ఫలితాలను కలపడం నరకం.

ఒక్క గీత చాలదు. కనీసం నాలుగు: నదివైపు అంచు, ఊరివైపు అంచు, ఊరివైపు వాలు మధ్యలో, కట్ట పాదం వెంట. అనుమానం ఉన్నచోట నదివైపు వాలు మీద ఇంకొకటి.

గీతలు కట్ట పొడవునే సాగాలి. బొరియలు, పైపులు సాధారణంగా వాలులోంచి కట్టకు అడ్డంగా లోపలికి వెళ్తాయి కాబట్టి ఈ గీత వాటిని అడ్డంగా కోస్తుంది. వాలు మీద పైనుంచి కిందికి గీత వేస్తే బొరియ పక్కనుంచే వెళ్లి దాన్ని చూడకపోవచ్చు.

ప్రతి ఎలక్ట్రోడ్ ఎత్తునూ ఆర్‌టీకే జీపీఎస్‌తో గానీ లెవెల్‌తో గానీ కొలవండి. 5 సెంటీమీటర్ల లోపు కచ్చితత్వం ఉండాలి.

## 6. వేగవంతమైన వడపోత

కండక్టివిటీ మీటరుతో కట్ట పైన, పాదం వెంట మామూలు నడక వేగంతో వెళ్లండి. సుమారు 3.7 మీటర్ల కాయిల్ దూరమున్న పరికరం నిలువు ద్విధ్రువ అమరికలో (కాయిళ్లు నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు) దాదాపు 6 మీటర్ల లోతు వరకు సగటు చూపుతుంది. ఇది చిన్న డొల్లను పట్టుకోదు. మట్టి మారిన చోటు, ఎండి వదులైన చోటు, లోపల ఇనుము ఉన్న చోటు చెబుతుంది. రోజు మొదట్లో, మధ్యలో, చివర్లో ఒకే చోట నిలబడి రీడింగ్ తీసుకుని డ్రిఫ్ట్ (పరికరం రీడింగ్ మెల్లగా జరిగిపోవడం) సరిచూడండి.

## 7. ఈఆర్‌టీ: అసలు పని

ఎలక్ట్రోడ్ దూరం. వెతికే డొల్ల సైజుకు మించకూడదు. 50 సెంటీమీటర్ల గది కోసం 2 మీటర్ల దూరం పెట్టడం వృథా శ్రమ. 48 ఎలక్ట్రోడ్లు 1 మీటరు దూరంలో పెడితే గీత పొడవు 47 మీటర్లు, వెన్నర్ అమరికతో (నాలుగు ఎలక్ట్రోడ్లను సమాన దూరంలో వాడే వరస) అందే లోతు సుమారు 8 మీటర్లు. అవే 48 అర మీటరు దూరంలో పెడితే లోతు 4 మీటర్లకు తగ్గుతుంది కానీ సూక్ష్మత రెట్టింపవుతుంది. డొల్లల కోసమైతే రెండోదే మేలు.

అమరిక. డైపోల్-డైపోల్ (కరెంటు జత ఒకచోట, వోల్టేజీ జత ఇంకోచోట) పక్కలకు బాగా విడమరుస్తుంది, అందుకే డొల్లలకు నప్పుతుంది. దాని సిగ్నల్ మాత్రం బలహీనం. జతల మధ్య ఎడం జత వెడల్పుకు 6 రెట్లు దాటితే శబ్దమే (కొలతలోని గజిబిజి) మిగులుతుంది. వెన్నర్-ష్లంబర్జర్ సిగ్నల్ బలమైనది. రెండూ తీసుకుని కలిపి ఇన్వర్షన్ (కొలతల నుంచి నేల లోపలి చిత్రాన్ని లెక్కగట్టడం) చేయడం ఉత్తమం.

నాటడం. 10–12 మిల్లీమీటర్ల మందం, 30–40 సెంటీమీటర్ల పొడవున్న స్టీలు కడ్డీలు చాలు. దిగే లోతు ఎలక్ట్రోడ్ల మధ్య దూరంలో ఐదో వంతు దాటకూడదు. అర మీటరు దూరానికి 10 సెంటీమీటర్లు.

స్పర్శ నిరోధం, అంటే కడ్డీకీ మట్టికీ మధ్య ఉండే నిరోధం. కొలత మొదలుపెట్టే ముందు ప్రతి ఎలక్ట్రోడ్‌దీ చూడండి. 2 కిలోఓమ్‌ల లోపు ఉంటే బాగు. 5 దాటితే సరిచేయకుండా ముందుకు వెళ్లొద్దు. కడ్డీ మొదట్లో ఉప్పునీరు కొద్దిగా పోయండి, కడ్డీని కొంచెం జరిపి గట్టిగా కొట్టండి. నీళ్లు పారి పక్క కడ్డీని కలిపేంతగా పోయకూడదు. కట్ట మీద కంకర రోడ్డు ఉంటే గీతను అంచున ఉన్న మట్టి మీదికి మార్చండి.

కొలత. ప్రతి రీడింగ్ కనీసం 2–4 సార్లు తీసి సగటు చేయండి. కరెంటు, వోల్టేజీ జతలను తారుమారు చేసి 5–10 శాతం రీడింగులు మళ్లీ తీయండి. రెండింటికీ 5 శాతం కంటే ఎక్కువ తేడా వచ్చినవి తీసేయండి. పరికరం తనంతట తాను చూపే దోషం కంటే ఈ పరీక్ష నిజాయితీగా ఉంటుంది.

పొడవైన గీత. ముందుకు జరిపేటప్పుడు సగం ఎలక్ట్రోడ్లు ఒకదానిపై ఒకటి వచ్చేలా వేయండి. లేకపోతే రెండు గీతల మధ్య లోతు భాగం చూడని త్రికోణంగా మిగులుతుంది.

భద్రత. తీగలో వందల వోల్టులు ఉంటాయి. గీత వెంట కాపలా మనిషి ఉండాలి, పశువులను రానివ్వకూడదు, ఉరుము వినిపిస్తే తీగలు విప్పి పక్కకు తప్పుకోవాలి.

## 8. రాడార్ గీతలు

1. యాంటెన్నా: 400 మెగాహెర్ట్జ్ మధ్యస్థంగా సరిపోతుంది. ఇసుక కట్టలో లోతు కావాలంటే 200 కూడా తీసుకోండి.
2. దూరం కొలిచే చక్రాన్ని 20 మీటర్ల టేపు మీద, ఆ కట్ట మీదే కాలిబ్రేట్ చేయండి.
3. గీతల మధ్య 25–50 సెంటీమీటర్లు, ట్రేసుల (ఒక్కో రాడార్ రీడింగ్) మధ్య 2 సెంటీమీటర్లు.
4. కాలవ్యవధి లెక్క: 2 మీటర్ల లోతు, వేగం నానోసెకనుకు 0.08 మీటర్లు అయితే రానుపోను 50 నానోసెకన్లు. మూడో వంతు కలిపి 65 పెట్టండి.
5. బండిని మనిషే లాగాలి. డొల్ల ఉందని అనుమానించే కట్ట మీద బరువైన వాహనం తీసుకెళ్లొద్దు.

రాడార్‌లో ఎక్కువమంది వదిలేసే ఆధారం సిగ్నల్ ధ్రువత. మట్టి నుంచి గాలిలోకి వెళ్లే తరంగం ఒక గుర్తుతో, నీటిలోకో లోహంలోకో వెళ్లేది దానికి వ్యతిరేక గుర్తుతో తిరిగొస్తుంది. సాపేక్ష పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి మట్టి స్పందించే తీరు) 16 ఉన్న మట్టిలో గాలి డొల్ల ప్రతిఫలన గుణకం +0.6, నీటి డొల్లది సుమారు −0.4. కట్టలో తెలిసిన ఇనుప పైపు మీద ఒక గీత వేసి దాని ధ్రువత ముందే చూసుకుంటే, తర్వాత గాలిని లోహం నుంచి వేరు చేయడం సులువు.

డొల్ల అడుగు కనిపించాలని ఆశించొద్దు. గాలిలో 400 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 75 సెంటీమీటర్లు. సుమారు 19 సెంటీమీటర్ల కంటే సన్నని ఖాళీలో పైకప్పు, అడుగు కలిసిపోతాయి.

## 9. తోడు పద్ధతులు

ఎంఏఎస్‌డబ్ల్యూకు 4.5 హెర్ట్జ్ జియోఫోన్లు (నేల కంపనాన్ని పసిగట్టే పరికరాలు) 24, 1 మీటరు దూరంలో. 8 కిలోల సమ్మెటతో ఇనుప పలక మీద 3–5 దెబ్బలు కలిపి రికార్డు చేయండి. దెబ్బ చోటు మొదటి జియోఫోన్‌కు 5–10 మీటర్ల అవతల. అందే లోతు, దొరికిన అతి పొడవైన తరంగదైర్ఘ్యంలో సగం. జియోఫోన్ల వరస పొడవునా సగటు వచ్చేస్తుంది కాబట్టి బొరియ కనిపించదు, వదులు ప్రాంతం కనిపిస్తుంది.

సహజ విభవానికి కాపర్-కాపర్ సల్ఫేట్ వంటి ధ్రువణం చెందని ఎలక్ట్రోడ్లే వాడాలి. స్టీలు కడ్డీలతో కొలిస్తే వచ్చే మిల్లీవోల్టులు కడ్డీలవే. సాధారణంగా నీరు లోపలికి దిగే చోట విలువ రుణాత్మకంగా, బయటికి ఊరే చోట ధనాత్మకంగా ఉంటుంది.

## 10. లెక్క కట్టడం

ఈఆర్‌టీలో చెడు రీడింగులు తీసేశాక ఎత్తుల్ని చేర్చి ఇన్వర్షన్ నడపండి. అంచులు పదునుగా ఉండే డొల్లలకు రోబస్ట్ పద్ధతి వాడండి, నున్నగా చేసే పద్ధతి వాటిని మసకబారుస్తుంది. దోషం (లెక్కకూ కొలతకూ మధ్య తేడా) 5 శాతం లోపుకు రాగానే ఆపండి. ఇంకా తగ్గించాలని 10–15 సార్లు మళ్లీ మళ్లీ నడిపితే శబ్దమే గుండ్రని డొల్లలుగా అచ్చవుతుంది.

కట్ట ఇరుకుగా ఉంటే ఇంకో చిక్కు. రెండు మితుల ఇన్వర్షన్, గీతకు రెండు పక్కలా నేల అనంతంగా ఉందనుకుంటుంది. నిజానికి ఒక పక్క నది నీరు, ఇంకో పక్క గాలి. లోతు కట్ట సగం వెడల్పును దాటేసరికి విలువలు పక్కదారి పడతాయి. సమాంతర గీతల్ని కలిపి మూడు మితుల ఇన్వర్షన్ చేయండి, అందులో కట్ట ఆకారాన్నీ నది నీటి నిరోధాన్నీ ఇవ్వండి. అది వీలుకాకపోతే లోతు భాగాన్ని నమ్మొద్దు.

రెండుసార్లు కొలిచినప్పుడు ఉష్ణోగ్రత సవరణ తప్పనిసరి. నేల ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే నిరోధం సుమారు 2 శాతం తగ్గుతుంది. ఎండకాలానికీ చలికాలానికీ మధ్య ఈ తేడానే ఊటలా కనిపించి మోసగిస్తుంది.

రాడార్‌లో నేపథ్యం తీసేసే ఫిల్టరు జాగ్రత్త. అది అడ్డంగా సాగే ప్రతిదాన్నీ తుడిచేస్తుంది. కాంక్రీటు పలక కింది ఖాళీ కూడా అడ్డంగానే సాగుతుంది కదా. ఫిల్టరు వేయని ప్రతి పక్కన పెట్టుకునే చూడండి.

## 11. డొల్లలా కనిపించి మోసగించేవి

అధిక నిరోధపు మచ్చ, కానీ తవ్వితే మట్టి గట్టిగానే ఉంది. పొడి ఇసుక పొర, కంకర, కాంక్రీటు దిమ్మ, ఎండిన వేరు. అదే చోట రాడార్ ధ్రువత, చెట్టు మొద్దుల జాబితా సరిచూడండి.

గీత చివర్లో, అడుగున గుండ్రని మచ్చలు. అక్కడ కొలతలు పలచన. సున్నితత్వ చిత్రం (ఎక్కడి ఫలితం ఎంత నమ్మదగ్గదో చూపేది) తెరిచి, తక్కువ ఉన్న భాగాన్ని కప్పేయండి.

ఒకే ఎలక్ట్రోడ్ కింద V ఆకారంలో వాలుగా గీతలు. ఆ ఎలక్ట్రోడ్ స్పర్శ చెడ్డది. దాని రీడింగులన్నీ తీసి మళ్లీ నడపండి.

రాడార్‌లో చాలా వెడల్పైన హైపర్బోలా (గొడుగు ఆకారపు వంపు). వేగం నానోసెకనుకు 0.3 మీటర్లకు సరిపోతే అది పైనున్న తీగ, చెట్టు లేదా పక్కనున్న వాహనం. మట్టిలో ఆ వేగం అసాధ్యం.

వేగం మట్టికి ఉండాల్సినదాని కంటే కొంచెం ఎక్కువ. గీత పైపును ఏటవాలుగా దాటింది. పక్క గీతలో అదే శిఖరం ఎక్కడుందో చూసి దిశ కనుక్కోండి.

వీటిలో ఏదీ వర్తించకపోతే కంప్యూటర్‌లో పరీక్షించండి. మీ కట్ట అడ్డకోత గీసి, అనుమానించిన సైజులో డొల్ల పెట్టి, 3–5 శాతం శబ్దం కలిపి, అవే అమరికలతో నడపండి. వచ్చిన మచ్చ మీ క్షేత్ర మచ్చలా లేకపోతే మీ ఊహ సరికాదు. నిజానికి ఈ పరీక్షను సర్వేకు ముందే ఒకసారి చేయాలి. అప్పుడే ఆ డొల్ల అసలు కనిపించగలదా అన్నది తెలుస్తుంది.

## 12. కడ్డీతో, ఆగర్‌తో నిర్ధారణ

అనామలీలను మూడు తరగతులుగా విడదీయండి.

- మొదటి తరగతి: రెండు వేర్వేరు పద్ధతుల్లో ఒకేచోట, పైగా నేల మీదా ఆనవాలు ఉంది
- రెండో తరగతి: రెండు పద్ధతుల్లో ఉంది, నేల మీద ఏమీ లేదు
- మూడో తరగతి: ఒక్క పద్ధతిలోనే

మొదటి తరగతివన్నీ, రెండోవాటిలో తూములకూ పైపులకూ దగ్గరున్నవన్నీ తప్పక చూడాలి. చేతి కడ్డీతో గుచ్చినప్పుడు హఠాత్తుగా జారితే లోతు రాసుకోండి. తర్వాత చేతి ఆగర్‌తో రంధ్రం వేసి, సన్నని కెమెరా దించి చూడండి. ఏ అనామలీ లేని చోట కూడా ఒక రంధ్రం వేయాలి. మామూలు మట్టి ఎలా ఉందో తెలియకుండా పోలిక చెప్పలేం.

కొన్ని నిషేధాలు:

- నది మట్టం ఎక్కువగా ఉన్నప్పుడు కట్టకు రంధ్రం వేయొద్దు
- తవ్వేటప్పుడు ఒత్తిడితో నీరు గానీ గాలి గానీ పంపొద్దు, కట్ట లోపలే చీలుతుంది
- ఏ రంధ్రాన్నీ తెరిచి వదలొద్దు, తీసిన మట్టినే వదులుగా పోసి మూయొద్దు

మూసే పద్ధతి: అడుగు దాకా గొట్టం దించి, సిమెంటు-బెంటొనైట్ (తడిస్తే ఉబ్బే బంకమట్టి) మిశ్రమాన్ని కిందినుంచి పైకి నింపుతూ గొట్టం లాగండి. మరుసటి రోజు చూసి, కుంగి ఉంటే మళ్లీ నింపండి.

## 13. నివేదికలో ఉండాల్సినవి

- ప్రతి అనామలీ చైనేజీ, కట్ట మధ్యరేఖ నుంచి దూరం, లోతు, ఆ లోతులో ఎంత అనిశ్చితి
- ఏ పద్ధతుల్లో కనిపించింది, ఏ తరగతి
- కొలిచిన రోజు నది మట్టం, నేల ఉష్ణోగ్రత, నీటి వాహకత్వం
- ఎలక్ట్రోడ్ దూరం, అమరిక, తీసేసిన రీడింగుల శాతం, చివరి దోషం
- నిర్ధారణ రంధ్రాల ఫలితాలు, ఏమీ దొరకనివి కూడా
- ఆ సర్వే పట్టుకోగల అతి చిన్న డొల్ల సైజు, ఒక్కో లోతుకు విడివిడిగా
- కొలవలేకపోయిన భాగాలు: ఇనుప షీట్ పైల్స్ పక్కన, పైపుల చుట్టూ, గీతల చివర్లు, రాడార్ అందని బంకమట్టి

ఈ చివరి రెండు అంశాలను నక్షా మీద వేరే రంగుతో గుర్తించండి. కొలవని భాగాన్ని ఖాళీగా వదిలేస్తే నివేదిక చదివే ఇంజనీరు అక్కడ డొల్ల లేదని అనుకుంటారు, వరద గస్తీ జాబితాలోంచి ఆ చోటు తప్పిపోతుంది.